ఏ వంటకి ఏ టమాటా, ఏ కాలానికి ఏ విత్తనం – ఎపిసోడ్ పూర్తి పాఠం

ఇవాళ్టి ఎపిసోడ్ టమాటాల గురించి. ఇంట్లో ఏ రకం పెంచుకోవాలి, ఏ రకం దేనికి వండుకోవాలి అన్నది మాట్లాడుకుందాం. కానీ అంతకంటే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి.

పోయిన వేసవిలో మార్కెట్ టమాటాకి రుచి ఎందుకు లేదు అని ఒక వీడియో చేశాను, గుర్తుందా? అందులో ఒక హైబ్రిడ్ టమాటా తీసుకుని గోడకేసి కొట్టాను. అది పగల్లేదు. నేను నవ్వుతూ, "చూశారా, ఇది టమాటా కాదు, రబ్బరు బంతి. రైతులకి బరువు కావాలి, డబ్బు కావాలి. మన నాలుక ఏమైపోతే వాళ్ళకేంటి?" అన్నాను. ఆ ముక్క వరకు కట్ చేసి షార్ట్‌గా పెడితే అసలు వీడియో కంటే అదే ఎక్కువ తిరిగింది. అప్పుడు నేను సంతోషపడ్డాను కూడా.

అది అలా తిరిగి తిరిగి మదనపల్లె టమాటా మార్కెట్లో మా మామ దగ్గరికి చేరింది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్ళుగా టమాటా పెడుతున్నాడు. మండీలో ఎవరో ఫోన్ చూపించి, "ఏమప్పా, మీ అల్లుడంట గదా, ఏమంటుండాడో చూడు" అన్నారంట. మామ ఫోన్ చేసి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అల్లుడూ, శనివారం ఇంటికి రా, పనుంది" అన్నాడు. అంతే.

వెళ్ళాను. మామకి మూడెకరాలుంది. అందులో రెండున్నర ఎకరాలు హైబ్రిడ్. కట్టెలు పాతి, తీగలు లాగి, పురికొసతో కట్టిన సాళ్ళు. ఇంటి వెనక చిన్న మడిలో మాత్రం రెండు సాళ్ళు నాటు టమాటా. మా అవ్వ ఉన్నప్పటినుంచి ఏటా తీసిపెట్టుకుంటూ వస్తున్న విత్తనం అది. అవ్వ దాన్ని టమాటా అనేది కాదు, తక్కాలి అనేది.

మామ రెండు ఖాళీ క్రేట్లు నా చేతికిచ్చాడు. "ఒకదాంట్లో ఇవి, ఒకదాంట్లో అవి కోయి. రెండూ ఒకే దోర రంగు ఉండాల" అన్నాడు. కోశాను. క్రేటుకి 14 కిలోలు తూచి, రెండూ నా కారు డిక్కీలో పక్కపక్కన పెట్టించాడు. "హైదరాబాద్ పో. రేపు పొద్దున మూత తీసి చూడు. చూసినాక ఫోన్ చెయ్యి."

మదనపల్లె నుంచి హైదరాబాద్ ఐదు వందల కిలోమీటర్ల పైనే. రాత్రంతా నడిపి పొద్దున చేరాను. హైబ్రిడ్ క్రేట్ తీస్తే రెండు కాయలకి సొట్ట పడింది, మిగతావి అన్నీ కోసినప్పటిలాగే ఉన్నాయి. నాటు క్రేట్ తీశాను. పైన రెండు వరుసలు బాగానే ఉన్నాయి. చెయ్యి కిందికి పెడితే రసం. ఏరి తూచితే 14 కిలోల్లో పనికొచ్చేవి 8 తేలాయి. మిగతాది డిక్కీలో చాపకి పోయింది. ఇప్పటికీ ఎండలో కారు తీస్తే ఆ పుల్ల వాసన వస్తుంది.

ఫోన్ చేశాను. మామ అన్నది అన్నట్టే చెప్తున్నా. "నీది కారు. ఒక్క క్రేటు. ఒక్క రాత్రి. నావి లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చి చెన్నై పోవాల, ఢిల్లీ పోవాల. ఆడ దిగినాక పగిలినాయంటే రేటు కోసేది ఎవురికి? నాకే. నాకు నాలుక లేదనుకుంటివా? మా ఇంట్లో చారు దేంతో కాస్తారో మీ అత్తనడుగు."

నా దగ్గర సమాధానం లేదు. తర్వాత అమ్మ ఇంకో సంగతి చెప్పింది, అది నాకు అంతవరకు తెలియదు. నేను ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు ఒక ఏడాది మామ ఎకరం నిండా పాత రకమే పెట్టాడట. పూత నిండుగా ఉన్న చెట్లు మధ్యాహ్నానికి తల వాల్చాయి. సాయంత్రం నీళ్ళు పెడితే లేచాయి. మళ్ళీ వాలాయి. వారం తిరిగేసరికి ఎకరం ఎండిపోయింది. బ్యాక్టీరియా ఎండు తెగులు. అది నేలలో ఉంటుంది, మందు కొడితే పోయేది కాదు. ఆ ఏడాది తెచ్చిన అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టిందట. మరుసటి పంట నుంచి మామ పొలంలో హైబ్రిడ్ వచ్చింది. నేను గోడకేసి కొట్టిన కాయ వెనకాల ఇంత కథ ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజే చెప్తారు, రిక్వైర్‌మెంట్ ఏంటో అడక్కుండా ఇంకొకడు రాసిన కోడ్‌ని తిట్టకు అని. ఆరేళ్ళు ఆ పని చేసి కూడా, టమాటా దగ్గర నేను చేసింది అదే. ఆ గట్టి కాయని తయారుచేసిన రిక్వైర్‌మెంట్ రుచి కాదు, లారీ, తెగులు. ఆ రెండు పరీక్షల్లో అది పాసైంది. మన వంటింటి పరీక్ష దానికి ఎవరూ పెట్టలేదు.

కాబట్టి ఏ టమాటా మంచిది అన్న ప్రశ్నే సరైంది కాదండీ. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కాయ ఎంత దూరం పోవాలి? ఏ కాలంలో కాయాలి? దేనికి వండాలి? రైతుకి మొదటి ప్రశ్న దగ్గరే చేతులు కట్టేసినట్టు అవుతుంది. మేడ మీదో, ఇంటి వెనకో పెంచుకునేవాళ్ళకి దూరం పది మెట్లు. పల్చటి తోలు కాయని పెంచుకునే వీలున్నది మనకే. కానీ మిగతా రెండు ప్రశ్నలు మనకీ తప్పవు.

సరే, ఇప్పుడు కోసి చూద్దాం.

(స్క్రీన్ మీద అడ్డంగా కోసిన రెండు టమాటాలు.)

ఎడమవైపుది నాటు. చదునుగా, పైన మడతలు పడినట్టు గాడులతో ఉంది చూడండి. లోపల గదులు లెక్కపెడదాం... ఏడు. కండ తక్కువ, విత్తనాల చుట్టూ జిగురు ఎక్కువ. కుడివైపుది హైబ్రిడ్, కాస్త కోలగా ఉంది. గదులు మూడే. గోడ మందంగా ఉంది, జిగురు తక్కువ. వంటలో తేడా అంతా ఇక్కడినుంచే వస్తుంది. పులుపు ఎక్కువగా ఉండేది కండలో కాదు, ఆ జిగురులో. నోరూరించే రుచినిచ్చే గ్లుటమేట్ కూడా కండలో కంటే జిగురులోనే ఎక్కువ. టమాటా విత్తనాలు, జిగురు తీసి పారేసి వండమని చెప్పే రెసిపీలు ఉంటాయి కదా, చారుకి మాత్రం ఆ పని చెయ్యకండి. చారు రుచి ఉండేది అక్కడే.

ఇంకొకటి చూడండి. నాటు కాయ తొడిమ చుట్టూ పచ్చగా ఉంది. పండినా ఆ భాగం కొంచెం ఆలస్యంగా ఎరుపెక్కుతుంది. దాన్ని భుజం అంటారు, ఆకుపచ్చ భుజం. కొనేవాళ్ళు కాయ మొత్తం ఒకేలా ఎర్రగా ఉండాలని కోరుకున్నారు. దాంతో బ్రీడర్లు భుజం లేని మొక్కల్ని ఏరుకుంటూ వచ్చారు. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీని వెనక ఉన్న జన్యువుని పట్టుకుంది. భుజాన్ని పచ్చగా ఉంచే ఆ జన్యువే పచ్చి కాయలో ఎండని పట్టి చక్కెర తయారుచేసే పనికి కూడా తోడ్పడుతుంది. అది పని మానేస్తే కాయ అందంగా, ఒకే రంగులో పండుతుంది, తీపి కొంచెం తగ్గుతుంది. 2017లో అదే పత్రికలో ఇంకో పెద్ద పని వచ్చింది. దాదాపు 400 రకాల టమాటాల జన్యువులు చదివి, ఆధునిక వాణిజ్య రకాల్లో వాసననిచ్చే పదార్థాలు చాలావరకు తగ్గిపోయాయని తేల్చారు. వాటిని ఎవరూ కావాలని తీసెయ్యలేదు. దిగుబడి, సైజు, గట్టిదనం చూసి ఏరుకుంటుంటే, ఎవరూ చూడని గుణం జారిపోయింది.

ఇక్కడ ఒక మాట. నాటు అనగానే మనకి వెయ్యేళ్ళ నాటిది అనిపిస్తుంది. టమాటా అసలు మన ఊరిది కాదు. పుట్టింది దక్షిణ అమెరికాలో, యూరప్ వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. రైతుబజార్లో నాటు అని అమ్మే చదునైన పుల్లటి కాయ పూసా రూబీ అయినా కావచ్చు. అది ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి సూ అనే అమెరికా రకం, ఇంకొకటి ఇంప్రూవ్డ్ మీరటి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, మనం ఐఐహెచ్‌ఆర్ అంటాం, వాళ్ళు ఇచ్చిన అర్క వికాస్ కూడా టిప్ టాప్ అనే అమెరికా రకం నుంచి ఏరి తీసిందే. అందుకని నాటు అంటే మంచిది, హైబ్రిడ్ అంటే విషం అని కామెంట్లలో కొట్టుకోకండి. ఆ గొడవ మొదలుపెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఆపమని అడిగే బాధ్యత కూడా నాదే.

ఇప్పుడు వంటింటికి వద్దాం. క్రేట్లో మిగిలిన 8 కిలోల నాటువి, 14 కిలోల హైబ్రిడ్‌వి ఊరికే పోనివ్వలేదు. అమ్మ వారం రోజులు ప్రతి వంటా రెండు గిన్నెల్లో చేసింది. ఒకే ఉప్పు, ఒకే పోపు, ఒకే మంట. తినేవాళ్ళకి ఏది ఏదో చెప్పలేదు. నేను, నాన్న, పక్కింటి ఆంటీ, ఆమె ఇద్దరు పిల్లలు. ఇది సైన్స్ కాదండీ, ఐదుగురి నాలుక. అయినా ఫలితం స్పష్టంగానే ఉంది.

చారు. ఐదుగురూ నాటు గిన్నెకే ఓటేశారు. హైబ్రిడ్ చారులో రంగు బాగుంది, పులుపు లేదు, చింతపండు వెయ్యాల్సి వచ్చింది. నాటు కాయ చేత్తో పిసికితేనే కరిగిపోయింది. చింతపండు రవ్వంత కూడా అక్కర్లేదు.

పప్పు. ఇక్కడ తేడా తక్కువ. నాటు వేస్తే పులుపు తేలింది, హైబ్రిడ్ వేస్తే నాలుగు ఎక్కువ వేసి కొంచెం చింతపండు పులుసు కలిపితే సరిపోయింది. పప్పుకోసం ఏ కాయా వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో ఏదుంటే అది.

కూర. ముక్కలు ముక్కలుగా కనిపించాల్సిన కూరలు ఉంటాయి కదా, కోడిగుడ్డు టమాటా, బెండకాయ టమాటా లాంటివి. నాటు వేస్తే నీళ్ళు వదిలి కూర పల్చనైంది, అది ఇగిరేలోపు బెండకాయ మెత్తబడిపోయింది. ఇక్కడ హైబ్రిడ్ గెలిచింది. పులావ్‌కి, బిర్యానీ మసాలాకి, శాండ్‌విచ్‌కి కూడా అంతే. ముక్క నిలబడాలంటే మందపాటి గోడ కావాలి.

ఊరిబిండి. రాయలసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి రోటి పచ్చడి అనుకోండి. పచ్చిమిర్చి, టమాటా మగ్గబెట్టి, ఉప్పు, వెల్లుల్లి వేసి రోట్లో నూరి, వేడి సంగటిలోకి. దీనికి నాటే. హైబ్రిడ్‌తో చేస్తే తోలు రోట్లో నలగకుండా చుట్టలు చుట్టుకుంది. పక్కింటి పిల్లాడు ఆ తోలు తీసి కంచం అంచున పెట్టాడు, అదే తీర్పు.

నిల్వ పచ్చడి. ఇక్కడ నేను అనుకున్నది తప్పయింది. నాటుదే గెలుస్తుంది అనుకున్నా. ముక్కలు కోసి ఉప్పు, పసుపు వేసి ఊరబెట్టాం. మూడో రోజు పిండి ఎండలో పెట్టాం. నాటు ముక్కల్లో ఎండాక మిగిలింది తోలు, విత్తనాలే. పచ్చడి మూడో వంతు తగ్గింది. హైబ్రిడ్ ముక్కలు కండ కండగా ఎండాయి. ఊరిన రసంలో చింతపండు నానబెట్టి, అన్నీ కలిపి నూరితే పచ్చడి చిక్కగా వచ్చింది. ఒక జాగ్రత్త చెప్తాను. పులుపు తక్కువ కాయతో నిల్వ పచ్చడి పెట్టేటప్పుడు చింతపండు తగ్గించకండి. అది రుచికోసం మాత్రమే కాదు, పులుపు, ఉప్పు తగినంత ఉంటేనే బూజు దగ్గరికి రాదు. బాగా పండిన గట్టి కాయ, కొలత తప్పని చింతపండు, తడిలేని జాడీ. ఈ మూడూ చూసుకోండి.

ఒరుగులు. ధర పడిపోయినప్పుడు మా వైపు ఇంటింటా మిద్దెల మీద ఇవే కనిపిస్తాయి. ఉప్పు చల్లిన ముక్కలు ఎండబెట్టి దాచుకుంటారు. దీనికి కూడా కండ ఉన్న కాయే. 2023 జూలైలో చాలా ఊళ్ళల్లో కిలో 200 రూపాయలు దాటింది, గుర్తుందా? ఇంకో ఏడాది అదే కాయ కొనేవాడు లేక రోడ్డు పక్కన పారబోసినప్పుడు ఒక డబ్బా ఒరుగులు చేసిపెట్టుకున్న ఇల్లు రెండిటికీ తట్టుకుంటుంది.

ఫ్రిజ్ సంగతి కూడా చెప్పేస్తా. దోర కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. సుమారు 12 డిగ్రీల కిందికి పోతే వాసననిచ్చే జన్యువులు పని తగ్గించేస్తాయని ఫ్లోరిడాలో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. బయట తీసి పెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగి రాదు. గంపలో, తొడిమ భాగం కిందికి పెట్టి, గాలి తగిలేలా ఉంచండి. బాగా పండిపోయి, రేపు పాడవుతుంది అనుకున్నదే ఫ్రిజ్‌కి.

ఇక పెంచడం. ఇక్కడ కూడా నేను ఒక తప్పు చేసి వచ్చాను. రెండేళ్ళ కింద ఆన్‌లైన్లో ఫోటోలు చూసి బ్రాండీవైన్ విత్తనాలు తెప్పించాను. అమెరికావాళ్ళు ప్రాణం పెట్టే పాత రకం, ఒక్కో కాయ అరకిలో కూడా తూగుతుంది. జనవరిలో నారు పోశాను. మొక్క నా ఎత్తు పెరిగింది. మార్చి చివర్లో పూసింది. పూసిన పువ్వు పూసినట్టు మెడ దగ్గర పచ్చబడి రాలిపోయింది. ఒక్క కాయ రాలేదు.

కారణం తెగులు కాదు, వేడి. టమాటా పువ్వు చాలా సున్నితం. పగలు సుమారు 35 డిగ్రీలు, రాత్రి 24, 25 దాటాయంటే పుప్పొడి దెబ్బతిని పిందె కట్టదు. మనం పగటి ఎండ గురించే చూస్తాం, రాత్రి వేడి కూడా అంతే ముఖ్యం. ఏప్రిల్‌లో హైదరాబాద్ సిమెంటు మేడ రాత్రి పదకొండింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. పిందె కట్టినా, 30 దాటిన వేడిలో ఎరుపురంగు సరిగ్గా తయారుకాదు, కాయ నారింజ రంగులో ఆగిపోతుంది. మదనపల్లె వైపు వేసవిలో కూడా టమాటా ఎందుకు పండుతుందంటే, అది సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. రాత్రిళ్ళు చల్లబడుతుంది. విజయవాడలో, రామగుండంలో అది కుదరదు.

కాబట్టి రకం కంటే ముందు క్యాలెండర్ చూడండి. మేడ మీద మొదటిసారి పెంచేవాళ్ళు సెప్టెంబర్‌లో నారు పోయండి. 25, 30 రోజుల నారు అక్టోబర్‌లో కుండీల్లోకి మార్చండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాయలు కోసుకుంటారు. మంచు పడే పొద్దులు, చల్లటి రాత్రులు, టమాటాకి మన దగ్గర అదే పండగ. వానాకాలం పంటకి జూన్, జూలైలో పోసుకోవచ్చు కానీ, ఆకుమచ్చ, కుళ్ళు ఎక్కువ. వేసవి మాత్రం మొదటిసారే వద్దు.

ఇప్పుడు రకాలు. చారుకి, ఊరిబిండికి అయితే పూసా రూబీ, లేదా మీ ఊళ్ళో దొరికే నాటు విత్తనం. తోలు పల్చన, పులుపు ఎక్కువ. వాన పడితే కాయ పగులుతుంది, కాబట్టి పండేదాకా ఆగకుండా దోరగా కోసి ఇంట్లో పండించుకోండి.

అన్నిటికీ ఒకటే మొక్క కావాలంటే అర్క వికాస్. 80, 90 గ్రాముల కాయ, కొంచెం పచ్చ భుజం ఉంటుంది, నీళ్ళ ఎద్దడిని, వేడిని కాస్త తట్టుకుంటుంది. ఊరెళ్ళి రెండు రోజులు నీళ్ళు పొయ్యడం మర్చిపోయే నాలాంటి వాళ్ళకి ఇదే. తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 కూడా ఇలాంటిదే. పొట్టిగా ఉంటుంది, పెద్ద కట్టెలు అక్కర్లేదు.

మీ మట్టిలో ఇదివరకు టమాటా, వంకాయ, మిరప మొక్కలు నిలువునా ఎండిపోయి ఉంటే, లేదా తెల్లదోమ వల్ల ఆకు ముడత ఏటా వస్తుంటే, అప్పుడు పంతాలకి పోకుండా అర్క రక్షక్ పెట్టండి. ఇది ఎఫ్-1 హైబ్రిడ్. ఆకు ముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా ఐఐహెచ్‌ఆర్ తయారుచేసింది. కాయ 90, 100 గ్రాములు, గట్టిగా ఉంటుంది. కూరకి, నిల్వ పచ్చడికి, ఒరుగులకి బాగుంటుంది. వీటి విత్తనాలు ఐఐహెచ్‌ఆర్ వాళ్ళు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి.

పిల్లలున్న ఇల్లయితే ఒక చెర్రీ టమాటా మొక్క పెట్టండి. చిన్నకాయ రకాలు పెద్దవాటికంటే వేడిలో కాస్త మెరుగ్గా పిందె కడతాయి. వంటింటి దాకా రావు, మొక్క దగ్గరే అయిపోతాయి. ఇటలీవాళ్ళ సాన్ మార్జానో గురించి చాలామంది అడిగారు. పాస్తా సాస్‌కి ప్రసిద్ధం, మన కుండీల్లో కూడా వస్తుంది. కానీ ఆ కోల కాయలకి అడుగు నల్లబడి కుళ్ళే సమస్య ఎక్కువ. అది పురుగు కాదు, తెగులు కాదు. ఒకరోజు ఎండబెట్టి, ఒకరోజు ముంచేస్తే నీళ్ళతోపాటు పైకి పోవాల్సిన కాల్షియం కాయ అడుగుదాకా చేరదు. గుడ్డు పెంకులు వేసే ముందు నీళ్ళు రోజూ ఒకే కొలతలో పోస్తున్నారా అన్నది చూసుకోండి.

రకం ఏదైనా మొక్కకి 15, 20 లీటర్ల కుండీ, ఆరు గంటల ఎండ కావాలి. పూత మీద ఉన్నప్పుడు పొద్దున్నే కొమ్మని వేలితో నాలుగుసార్లు తట్టండి. టమాటా పువ్వు తనకు తానే పరాగం చేసుకుంటుంది, దానికి ఒక కుదుపు చాలు. తోటలో గాలి, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. నాలుగో అంతస్తులో మీరే తుమ్మెద.

చివరిగా విత్తనం. హైబ్రిడ్ కాయలో విత్తనం తీసి మళ్ళీ పెడితే మొలవదు అంటారు, అది అబద్ధం. చక్కగా మొలుస్తుంది. కానీ తల్లిలా ఉండాలన్న హామీ లేదు. ఒక మొక్కకి కోల కాయ, పక్క మొక్కకి గుండ్రటిది, తెగులు తట్టుకునే గుణం కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి పోతుంది. పూసా రూబీ, అర్క వికాస్, అవ్వ తక్కాలి లాంటివి అయితే దాదాపు తల్లిలాగే వస్తాయి. బాగా కాసిన మొక్కలో, తొందరపడి మొదటి కాయ కాకుండా, బాగా పండిన కాయ ఒకటి వదిలెయ్యండి. జిగురుతో సహా విత్తనాలు గ్లాసులో రెండు రోజులు పులియనివ్వండి. పైన తేలినవి పారబోసి, అడుగున మునిగినవి కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టండి. పొట్లం మీద రకం పేరు, సంవత్సరం రాయండి. తడి తగలకపోతే మూడు నాలుగేళ్ళు ఉంటాయి.

మామ ఇంటి వెనక రెండు సాళ్ళు అలాగే ఇన్నేళ్ళు వచ్చాయి. వాటిని లారీకి ఎక్కించలేడు, మండీలో అమ్మలేడు, అయినా మానలేదు. ఆ వారమంతా అత్త చారు వాసన నా వంటింట్లో ఉంటే నేను ఆ షార్ట్ మళ్ళీ ఒకసారి పెట్టుకుని చూశాను. తీసేద్దామనుకున్నా. తీసేస్తే అనలేదన్నట్టు అవుతుందని ఉంచేశాను. దాని కింద మొదటి కామెంటుగా ఈ ఎపిసోడ్ పెట్టాను, పైన నేను అన్నది తప్పు అని రాశాను. ఇది ఆ షార్ట్ తిరిగినంత తిరగదు, నాకు తెలుసు. మీలో దాన్ని ఎవరికైనా పంపినవాళ్ళుంటే, దయచేసి ఇది కూడా వాళ్ళకే పంపండి. అంతకంటే నేను సరిచేయగలిగింది లేదు.

మామకి రికార్డింగ్‌కి ముందు స్క్రిప్టు చదివి వినిపించాను. మొత్తం విని, "ఎండు తెగులు గురించి ఇంగా కొంచెం చెప్పల్ల్యా" అన్నాడు. తర్వాత, "ఈసారి అవ్వ విత్తనం మూడు సాళ్ళు పెడతా. ఒక సాలు నీది. నువ్వే వచ్చి కోసుకో, గంపలో ఎత్తుకోని బస్సులో పో, కార్లో ఎయ్యొద్దు" అన్నాడు. నవ్వాడో లేదో ఫోన్లో తెలియలేదు.

అవ్వ విత్తనం నా దగ్గర కొంచెం ఉంది. ఈ సెప్టెంబర్‌లో నాలుగు కుండీల్లో పోస్తున్నా, పక్కన నాలుగు కుండీల్లో అర్క రక్షక్. ఒకే మట్టి, ఒకే నీళ్ళు. ప్రతి పదిహేను రోజులకి చూపిస్తాను, ఎండిపోయినా చూపిస్తాను. మీ ఊళ్ళో చారుకి ఏ కాయ వాడతారు, దాన్ని ఏ పేరుతో పిలుస్తారు, కింద రాయండి. వచ్చే వారం ఇదే తెగుళ్ళ కుటుంబంలో ఇంకొకరి దగ్గరికి వెళ్దాం, వంకాయ. అంతవరకు సెలవు. ఉంటానండీ.